హాల్లో ఆ గోడ మీద ఎవరి బొమ్మ?

పోయిన నెల ఒక శనివారం పొద్దున నల్లగండ్లలో మేం కొత్తగా కొన్న ఫ్లాట్‌లో నిలబడి, ఇంటీరియర్ అబ్బాయి చెప్పేది బుద్ధిగా వింటున్నాను. (కొన్న అంటే... ఇరవయ్యేళ్ళ ఈఎమ్ఐ. హాలూ, వంటిల్లూ, బెడ్‌రూములూ బ్యాంకు వాళ్ళవి. బాల్కనీ వరకూ మాది అనుకోవచ్చు.) తలుపు తీయగానే ఎదురుగా కనిపించే గోడ చూపించి, "సర్, దీన్ని హైలైట్ వాల్ చేద్దాం. ఇక్కడ ఐదడుగుల ఫ్యామిలీ పోర్ట్రెయిట్ ఒకటి పెడితే ఉంటుంది చూడండీ... రాయల్ లుక్ వచ్చేస్తుంది" అన్నాడు.

రాయల్ లుక్! మా నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా అమ్మ సూర్యాపేటలో జాకెట్లు కుట్టేది. మా వంశంలో 'రాజ' అన్న మాట ఎప్పుడైనా వినబడిందీ అంటే, అది బస్టాండులో రాజధాని బస్సు బోర్డు మీదే.

అయినా సరే, గృహప్రవేశం దగ్గర పడుతోంది, చుట్టాలందరూ వస్తారు, పెట్టేద్దాం అనుకున్నాం. ఒక స్టూడియోకి వెళ్ళాం. అమ్మని బంగారు రంగు కుర్చీలో కూర్చోబెట్టారు. నాన్నకి కోటు వాళ్ళే ఇచ్చారు, వెనకాల పిన్నులు పెట్టి బిగించి. ఫోటో తీసే ముందు "అమ్మా, కళ్ళజోడు తీసెయ్యండి, గ్లేర్ కొడుతోంది" అన్నాడు ఫోటోగ్రాఫరు. అమ్మ తీసి నా చేతికిచ్చింది.

వారం తర్వాత సాఫ్ట్ కాపీ పంపారు. నాన్న రంగు రెండు షేడ్లు తేలింది. అమ్మకి ముడతల్లేవు, మెళ్ళో మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ లేని హారమొకటి ఉంది. నాన్న ఫోన్‌ని కాస్త దూరంగా పట్టుకుని చాలాసేపు చూసి "బాగుందిరా. ఇంతకీ ఎవరు వీళ్ళు?" అన్నాడు.

అందరం నవ్వాం. కానీ నాకు ఆ కళ్ళజోడు దగ్గరే మనసు ఆగిపోయింది. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఎంసెట్ కోచింగు ఫీజు కోసం అమ్మ రెండేళ్ళు రాత్రి పన్నెండింటి దాకా మిషను తొక్కింది. నల్ల జాకెట్ మీద నల్ల దారంతో హుక్కులు కుట్టీ కుట్టీ అప్పుడొచ్చిందా కళ్ళజోడు. ఈ ఫ్లాట్‌కి నా శాలరీ స్లిప్పు ఎంత ఆధారమో అదీ అంతే. దాన్ని 'గ్లేర్' అని తీసేశారు!

*

సరే, ఇక్కడ కాస్త దూరం వెళ్తాను, విసుక్కోకండి. 2023లో ప్రాజెక్టు పని మీద మూడు నెలలు మ్యూనిక్‌లో ఉన్నప్పుడు, ఒక వీకెండు మన తెలుగు బ్యాచ్‌తో కలిసి ఫ్లోరెన్స్ వెళ్ళాను. అందరూ వెళ్తున్నారని నేనూ ఉఫిజీ మ్యూజియంకి వెళ్ళాను. బొమ్మల గురించి నాకు తెలిసింది సున్నా. కానీ అక్కడ చూసిన రెండు మూడు బొమ్మలు మొన్న ఈ ఫోటో గొడవలో మళ్ళీ గుర్తొచ్చాయి. కూర్చుని వాటి గురించి చదివాను.

మొదటిది ఫెదెరికో ద మాంతెఫెల్త్రో అనే ఆయన బొమ్మ. ఉర్బినో అనే చిన్న రాజ్యానికి ప్రభువు. వృత్తి ఏంటంటే, కాంట్రాక్టు మీద యుద్ధాలు చేసిపెట్టడం. డబ్బిచ్చిన వాళ్ళ తరఫున సైన్యాన్ని వేసుకుని వెళ్ళేవాడు. మన లెక్కలో సర్వీసెస్ కంపెనీ అన్నమాట :) పైగా తండ్రికి పెళ్ళి బయట పుట్టిన కొడుకు. కాబట్టి 'ఈ గద్దె నాదే' అని జనానికి చూపించుకోవాల్సిన అవసరం అందరికన్నా ఆయనకే ఎక్కువ. 1470లలో పియెరో దెల్లా ఫ్రాంచెస్కా అనే చిత్రకారుడు ఆయన్నీ, ఆయన భార్య బత్తిస్తానీ ఎదురెదురుగా రెండు పలకల మీద వేశాడు. వెనకాల కొండలూ, పొలాలూ, నీళ్ళూ కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. 'ఇదంతా మాదే' అని నోరు తెరవకుండా చెప్పడం.

ఆ బొమ్మలో ఆయన ఎడమ పక్క నుంచే కనిపిస్తాడు. ఎందుకంటే ఒక పోటీలో ఆయన కుడికన్ను పోయింది. అది కనబడకుండా పక్కకి తిప్పి వేశారు. కానీ విరిగిన ముక్కునీ, మొహమ్మీది మచ్చల్నీ మాత్రం ఉన్నవి ఉన్నట్టే వేశారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను. ఆ బత్తిస్తా 1472లోనే చనిపోయింది. బొమ్మ ఆమె పోయాక వేసిందే అని చాలామంది పండితుల మాట.

రెండోది ఇంకా సరదాగా ఉంటుంది. బోతిచెల్లి 1475 ప్రాంతంలో వేసిన బొమ్మ. బాల ఏసుని చూడ్డానికి ముగ్గురు జ్ఞానులు తూర్పు నుంచి వస్తారు కదా, ఆ ఘట్టం. వేయించింది గస్పారె దెల్ లామా అనే ఒక దళారీ. డబ్బు మారకం వ్యాపారం చేసేవాళ్ళ మధ్య తిరిగిన మనిషి. ఆ ముగ్గురు జ్ఞానుల మొహాలుగా ఎవర్ని పెట్టించాడో తెలుసా? ఫ్లోరెన్స్‌ని ఏలుతున్న బ్యాంకర్ల కుటుంబం, మెదిచీల పెద్దల్ని. తాత కోసిమో, కొడుకులు పియెరో, జొవాన్నీ. బొమ్మ వేసేనాటికి ముగ్గురూ పోయారు కూడా. మరి డబ్బిచ్చిన దెల్ లామా ఎక్కడున్నాడు? కుడివైపు గుంపులో, మన వైపు చూస్తూ!

ఇది మనకి ఎక్కడో చూసినట్టు లేదూ? మియాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ఏ జంక్షన్‌లోనైనా చూడండి. నడిమధ్యలో పెద్ద నాయకుడు, పైన వరసగా స్వర్గస్తులైన నాయకులు, కింద పాస్‌పోర్ట్ సైజులో గల్లీ లీడర్లు. ఫ్లెక్సీకి డబ్బు కట్టిన అన్న మాత్రం ఒక మూల నమస్కారం పెడుతూ మనవైపే చూస్తుంటాడు. దెల్ లామా వేయించింది అచ్చంగా ఫ్లెక్సీనే. కాకపోతే వేసింది బోతిచెల్లి కాబట్టి టికెట్ కొని చూస్తున్నాం.

*

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అంటారా? మన దగ్గరకే రండి.

లేపాక్షి వెళ్ళే ఉంటారు. బెంగుళూరులో ఉద్యోగం చేసినవాళ్ళకి అది వీకెండు ట్రిప్పే కదా. అందరం వేలాడే స్తంభం కింద నుంచి తువ్వాలు లాగి, నంది దగ్గర సెల్ఫీ దిగి వచ్చేస్తాం. ఈసారి వెళ్తే మెడ నొప్పెట్టినా సరే పైకి చూడండి. వీరభద్రుడి గుడి కప్పు మీద గుడి కట్టించిన అన్నదమ్ములు విరూపణ్ణ, వీరణ్ణ ఉంటారు. పొడుగాటి కుళ్ళాయిలు, నగలు, వెనక పరివారం, ముందు దేవుడు. అచ్యుతదేవరాయల (1529-1542) కాలంలో పెనుకొండలో అధికారం చేసినవాళ్ళు. విరూపణ్ణ కోశాధికారి అంటారు. అంటే రాజు కాదు, రాజు దగ్గర లెక్కలు చూసిన ఉద్యోగి! ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1533లో, లండన్లో హోల్బైన్ ఇద్దరు ఫ్రెంచి రాయబారుల్ని నిలబెట్టి నిలువెత్తు బొమ్మ వేశాడు. ఒకళ్ళకొకళ్ళు తెలీదు, కానీ పని ఒకటే.

విరూపణ్ణ కథ చివర మీకు తెలిసిందే. ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని రాజు కళ్ళు పీకించమన్నాడనీ, ఈయనే పీక్కుని గోడకేసి కొట్టాడనీ స్థానికులు చెప్తారు. నిజమో కాదో పక్కన పెట్టండి. ఆ కథలో ఉన్న భయం మాత్రం నిజం. ఇంకొకరి డబ్బుతో మన బొమ్మ గోడకెక్కిస్తే లెక్క అడుగుతారు. (బ్యాంకు వాళ్ళ గోడకి మా ఫోటో... సరే, వదిలేయండి.)

తిరుమల గుడిలోకి వెళ్ళేటప్పుడు పక్కనే కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు చూస్తాం. ముగ్గురూ చేతులు జోడించి ఉంటారు. అంత పెద్ద చక్రవర్తి, దణ్ణం పెడుతూ! కానీ ఐదొందల ఏళ్ళుగా ఆ దారిన వెళ్ళే ప్రతివాడికీ ఆయన దణ్ణం పెట్టడం కనిపిస్తూనే ఉంది. వినయమూ ఉంది, విలాసమూ ఉంది. ఆ బొమ్మలో ఏది ఎంతో విడదీసి చెప్పడం మన వల్ల కాదు.

మన హైదరాబాదు సంగతీ అంతే. సాలార్‌జంగ్ మ్యూజియంలో అందరం గడియారం గంట కొట్టడం చూడ్డానికీ, మేలిముసుగు రెబెక్కా కోసమూ పరిగెడతాం. అక్కడే ఆ కుటుంబం వాళ్ళ చిత్రాలున్న గది ఒకటుంది. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి వయసు 24. ఆ వయసులో నేను ప్రొడక్షన్ బగ్గు ఒకటి పెట్టి మేనేజరు ముందు తలదించుకుని నిలబడి ఉన్నాను.

ఇంకొకాయన గురించి మనం తప్పకుండా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయనా ఇంజనీరే. లాలా దీన్‌దయాళ్ (1844-1905). రూర్కీలో చదివి, ఇందూరులో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, ఫోటోలు తీయడం మొదలెట్టి చివరికి ఉద్యోగం వదిలేశాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. నిజాం ఇచ్చిన బిరుదు 'ముసవ్విర్ జంగ్'. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. అక్కడితో ఆగలేదు, 1892లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో అని విడిగా ఒకటి పెట్టి, దాన్ని నడపడానికి ఒక ఇంగ్లీషు మహిళని నియమించాడు. 'రిస్కు తీసుకుని జాబ్ మానేసి ప్యాషన్ ఫాలో అవ్వాలి' అని మనవాళ్ళు ఇప్పుడు చెప్పే మాట ఆయన అప్పుడే చేసి చూపించాడు.

*

ఇంతకీ నేను చెప్పేదేంటి?

బొమ్మ అనేది ఏనాడూ మొహం కోసం వేయించుకున్నది కాదు. 'మేం ఇక్కడిదాకా వచ్చాం' అని చెప్పుకోవడానికి వేయించుకున్నది. కొత్తగా పైకొచ్చినవాళ్ళకి ఆ అవసరం మరీ ఎక్కువ. మెదిచీలు బ్యాంకర్లు, ఫెదెరికో కాంట్రాక్టు సైనికుడు, దెల్ లామా దళారీ, విరూపణ్ణ ఉద్యోగి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక పుట్టుకొచ్చిన మనమూ ఆ జాబితాలో వాళ్ళమే. రాళ్ళూ రప్పలూ ఉన్న చోట ఒక్క తరంలో మేడలు లేచాయి. ఆ మేడల్లో హాళ్ళున్నాయి. ఆ హాళ్ళలో ఖాళీ గోడలున్నాయి.

కాబట్టి క్యాబ్‌లో ఏసీ వేసుకుని కూర్చుని బయట ఫ్లెక్సీలని చూసి నవ్వే హక్కు మనకి లేదు. మన లింక్డ్‌ఇన్ ఫోటో ఏంటి? చేతులు కట్టుకుని, వెనకాల అద్దాల బిల్డింగు మసగ్గా కనిపించేట్టు, ఒక పక్కకి తిరిగి. ఫెదెరికో పోజే. 2020లో దుర్గం చెరువు మీద కేబుల్ బ్రిడ్జి తెరిచాక ఎన్ని జంటలు దాన్ని వెనకాల పెట్టుకుని ఫోటోలు దిగాయో లెక్కే లేదు. ఆయనకి వెనకాల సొంత రాజ్యం ఉంది, మనకి జీహెచ్‌ఎంసీ బ్రిడ్జి ఉంది. అంతే తేడా.

దీన్లో నవ్వులాట కాని విషయం ఒకటుంది. గిర్లాందాయో అనే చిత్రకారుడు వేసిన జొవన్నా అనే అమ్మాయి బొమ్మ ఒకటి మాడ్రిడ్‌లో ఉంది. నేను కంప్యూటర్లోనే చూశాను. మెడ నిటారుగా పెట్టుకుని, పక్కకి తిరిగి, మనవైపు చూడకుండా. తోర్నబువోని అనే గొప్ప బ్యాంకర్ల ఇంటికి 1486లో కోడలిగా వచ్చింది. వేసుకున్న బట్ట మీద మొగుడి పేరులోని మొదటి అక్షరం, అత్తింటి గుర్తు నేసి ఉంటాయి. 1488లో, ఇరవై నిండకుండానే, రెండో కాన్పు రాకముందే కడుపుతో ఉండగా పోయింది. ఆ పిల్లకి ఏమిష్టమో, ఎలా నవ్వేదో ఆ బొమ్మలో లేదు. అత్తింటి హోదా మాత్రం నూలుపోగు కూడా వదలకుండా ఉంది.

మ్యాట్రిమొనీ కోసం మా కజిన్ ఫోటోలు తీయించినప్పుడు ఇదే జరిగింది. ఎమ్మెన్సీలో టీమ్ లీడ్ అది. మీటింగుల్లో గట్టిగా నవ్వుతుంది, ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉంటుంది. ఫోటోలో సందు లేదు, నవ్వు లేదు, వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు మాత్రం నిండుగా ఉంది. "అన్నయ్యా, వాళ్ళకి నచ్చింది నేనా, ఈ ఫోటోనా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మా నానమ్మ సంగతి ఇంకా ఘోరం. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఎప్పుడూ దిగలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయింది. దండ వేయడానికి ఫోటో లేదు. చివరికి రేషన్ కార్డు మీది ఇంటిల్లిపాది ఫోటోలోంచి తల కత్తిరించి, స్టూడియో అతను ఎవరిదో పట్టుచీర కట్టిన ఒంటికి అతికించి ఇచ్చాడు. ఇప్పటికీ తద్దినం రోజు మేం దణ్ణం పెట్టేది సగం నానమ్మకి, సగం ఎవరో తెలియని ఆవిడకి.

*

ఇదంతా బుర్రలో పెట్టుకుని అమ్మ దగ్గరికెళ్ళి పెద్ద స్పీచ్ ఇచ్చాను. "ఈ ఫోటో వద్దమ్మా. నువ్వు మిషను ముందు కూర్చో, కళ్ళజోడు పెట్టుకుని. నాన్నని ఖాకీ చొక్కాలో, టికెట్ల మిషను పట్టుకుని నిలబెడదాం. నలుపూ తెలుపులో పెద్దగా వేయిద్దాం. మన నిజం అది" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకే గొంతు కాస్త పూడుకుపోయింది కూడా.

అమ్మ శాంతంగా వింది. విని ఇట్లా అంది.

"నీకేందిరా, నా కష్టం గోడకెక్కించి ఎవరికి చూపిస్తవు? నీ ఆఫీసోల్లకా? మా అమ్మ ఇట్ల కష్టపడ్డది, నేను ఇంతోన్ని అయిన అనిపించుకోనికా? ముప్పై ఏండ్లు ఆ మిషను మొకమే చూసిన. ఇప్పుడు హాల్ల కూసున్నా దాన్నే చూడాల్నా? ఒక్కనాడు రాణి లెక్క కుర్చీల కూసుంటే నీకేం నొచ్చింది?"

నిజం చెప్పాలంటే చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఆలోచిస్తే ఆమె చెప్పింది ముమ్మాటికీ కరెక్టు. నేను పెడదామన్న 'నిజమైన' ఫోటో కూడా హోదా ఫోటోనే. అందులో బంగారు కుర్చీ బదులు కుట్టు మిషను. కింద నుంచి పైకొచ్చానని చెప్పుకోవడం మన రంగంలో ఇప్పుడు అన్నిటికన్నా ఖరీదైన నగ. ఆ నగ మెళ్ళో వేసుకునేది నేను, బరువు మోసింది అమ్మ. స్టూడియో వాడు ఆమె కళ్ళజోడు తీయించాడు, నేను ఆమె పట్టుచీర తీయించబోయాను. ఇద్దరం ఆమెని అడగలేదు.

తేడా ఎక్కడుందో నాకు అప్పుడు అర్థమైంది. గొప్పగా కనబడాలనుకోవడం తప్పు కాదు. ఆ కోరిక రాయలుకి ఉంది, విరూపణ్ణకి ఉంది, మా అమ్మకి ఉండకూడదా? అసలు ప్రశ్న, ఏది చూపించాలో ఏది దాచాలో ఎవరు తేల్చారు అన్నది. ఫెదెరికో కన్ను దాచమన్నాడు, ముక్కు ఉంచమన్నాడు. బొమ్మ వేయించుకున్నవాడు కాబట్టి చెల్లింది. జొవన్నాని ఎవరూ అడిగి ఉండరు. మా నానమ్మని అడిగే అవకాశమే లేకపోయింది. మా కజిన్‌ని అడగొచ్చు, అయినా అడగలేదు.

అందుకని అడిగాను. "సరే, నీ ఫోటో నువ్వే చెప్పు. ఏం ఉండాలి, ఏం వద్దు?"

అమ్మ పది నిమిషాల్లో తేల్చేసింది. పట్టుచీర ఉండాలి, నా మొదటి జీతంతో కొన్నది. బంగారు కుర్చీ ఉండాలి ("మంచిగుందిరా అది"). ఆ లేని హారం వద్దు, "రేపు చుట్టాలు ఏదమ్మా అంటే ఏం చెప్పాలె". ముడతలు కొన్ని తీసేసినా పర్లేదు, అన్నీ వద్దు. కళ్ళజోడు ఉండాల్సిందే. కారణం నేననుకున్న త్యాగం గీగం ఏమీ కాదు. "అవి లేకుంటే కెమెరా ఏడుందో కనబడలే, గందుకే మొకం అట్ల పెట్టిన" అంది.

నాన్న కోరింది ఒక్కటే. అరువు కోటు వద్దు, తెల్ల చొక్కా చాలు.

మళ్ళీ తీయించాం. గ్లేర్ రాకుండా లైటు పక్కకి జరిపితే సరిపోయింది, రెండు నిమిషాల పని. అప్పుడే చేసి ఉండొచ్చు. అడిగేవాళ్ళు లేక చేయలేదు.

ఫోటో ఇప్పుడు హాల్లో గోడ మీద ఉంది. రాయల్ లుక్ వచ్చిందో లేదో ఇంటీరియర్ అబ్బాయే చెప్పాలి. అమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది. నేను సూర్యాపేట వెళ్ళినప్పుడు నానమ్మ ఫోటో దించి, ఆ రేషన్ కార్డు ఫోటోని ఉన్నదున్నట్టు, చుట్టూ అందరితో కలిపి, స్కాన్ చేయించి పెడదామనుకుంటున్నాను. అందులో ఆమె మూలన నిలబడి, కెమెరా వైపు అనుమానంగా చూస్తూ ఉంటుంది. చీర నేతచీరే, కానీ ఆమెదే.

మీ ఇంట్లో హాలు గోడ మీద ఏముంది? అందులో ఉన్నవాళ్ళని ఎప్పుడైనా అడిగారా, అది వాళ్ళకి నచ్చిందా అని? ఈ ఆదివారం ఒకసారి అడిగి చూడండి.